ఇసుక మీద మాకో బరి ఇవ్వండి

సముద్రం ఒడ్డున కర్ర తిప్పడం వేరు, ఊళ్లో రామాలయం ముందు కర్ర తిప్పడం వేరు. ఊళ్లో నేల గట్టిగా ఉంటుంది. చుట్టూ ఇళ్లుంటాయి, డప్పు దెబ్బ గోడలకు తగిలి మళ్లీ మన చెవిన పడుతుంది. జనం అరుగుల మీదా, మెట్ల మీదా, పిట్టగోడల మీదా సర్దుకుంటారు. ఒడ్డున ఇవేవీ ఉండవు. పొడి ఇసుకలో మడమ కూరుకుపోయి అడుగు తిరగదు. డప్పు శబ్దాన్ని గాలి పట్టుకుపోతుంది. ఎక్కడ నిలబడి చూడాలో జనానికి తెలియదు కాబట్టి చూస్తూనే నడిచిపోతారు. నేను విజయవాడలో ఆడపిల్లలకు కర్రసాము నేర్పుతాను. వాళ్లను వెంటబెట్టుకుని మన తీరంలో జరిగే ఉత్సవాలకు వెళ్తుంటాను. ఆ అనుభవంతో అడుగుతున్నాను: మాకు ఊరేగింపులో చోటు వద్దు, ఇసుక మీద ఒక బరి కావాలి.

బీచ్ ఉత్సవాలు జరగాలి, ఇంకా జరగాలి. 2025 జూన్‌లో మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్ పెట్టారు. బీచ్ కబడ్డీ, వాలీబాల్ పోటీలతో బందరు వైపు జనం కదిలారు. బాపట్ల దగ్గర సూర్యలంకకు సెలవు రోజుల్లో ఎక్కడెక్కడి నుంచో కార్లు వస్తున్నాయి. 1864లో బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను ఊడ్చేసిన ఉప్పెన మన తీరం మరిచిపోయేవి కావు. నా చిన్నప్పుడు మా ఇళ్లలో సముద్రం పేరెత్తితే పెద్దవాళ్లు మాట మార్చేసేవాళ్లు. అలాంటి ఒడ్డుకు ఇవాళ మనవలనూ మనవరాళ్లనూ ఎత్తుకుని సంబరంగా వెళ్తున్నారు. దీనికి మించిన సంతోషం ఏముంటుంది? ఆ సంబరంలో మా విద్యకు ఏ చోటు దక్కుతోందన్నదే నా బాధ.

సాధారణంగా దక్కే చోటు ముఖద్వారం. ఆర్చీకి అటూ ఇటూ కోలాటం పిల్లలను, డప్పుల వాళ్లను, పులివేషాన్ని, కర్రసామును వరుసగా నిలబెడతారు. ముఖ్య అతిథి కారు దిగగానే అందరూ ఒక్కసారే మొదలుపెట్టాలి. ఆయన నమస్కారం పెడుతూ రెండు నిమిషాల్లో దాటిపోతారు. ఫొటోగ్రాఫర్లు ఆయన వెనకే పరిగెడతారు. అక్కడితో మా ప్రదర్శన అయిపోయినట్టే. వేదిక మీద సినిమా పాటలు మొదలవుతాయి. పులివేషం కట్టినవాడు ఒళ్లంతా రంగు పూయించుకోవడానికి, అది ఆరడానికి గంటల తరబడి చేతులు చాపి నిలబడి ఉంటాడు. కూర్చుంటే రంగు చెదురుతుంది. ఆ రెండు నిమిషాల కోసం అతను పొద్దుటి నుంచి సరిగా తినలేదు.

ఒక ఉత్సవంలో మాకు ఆర్చీ దాటి లోపల చోటిచ్చారు. ఏ ఉత్సవమో, ఎవరు నిర్వహించారో చెప్పను. ఆ రాత్రి జరిగింది మాత్రం చెప్పాలి. సాయంత్రం ఆరింటికి నిప్పుకర్ర అన్నారు. వెదురు కర్ర రెండు కొసలకూ గుడ్డ చుట్టి, సన్న తీగతో బిగించి, కిరసనాయిలులో నానబెట్టి పిండుతాం. పిండడమే అసలు పని. చుక్క మిగిలినా తిప్పేటప్పుడు చిమ్మి జనం మీద పడుతుంది. నిప్పుకర్ర పట్టే ముందు గాలి చూసుకోవాలి. మన తీరంలో పగలంతా నేల వేడెక్కి సముద్రం వైపు నుంచి గాలి కొడుతుంది. పొద్దుగూకాక అది మెల్లగా పడిపోతుంది. రాత్రి ముదిరేకొద్దీ నేల మీద నుంచి సముద్రానికి ఎదురు గాలి మొదలవుతుంది. ఆరింటి గాలిని బట్టి జనాన్ని ఎటు నిలబెట్టాలో ముందే చూసుకున్నాం. అతిథుల కోసం ఆగమన్నారు, ఆగాం. పిలిచేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది.

కాలేజీలో చదువుతున్న నా శిష్యురాలు కర్ర వెలిగించి మొదటి చుట్టు తిప్పింది. మంట నాలుక మేం అనుకున్నవైపు కాకుండా కుర్చీల వైపు సాగింది. "అక్కా, గాలి ఇటు తిరిగిందక్కా" అని అరిచింది. తిప్పడం మాత్రం ఆపలేదు. నడుము వంచి, కర్రను నేలబారుగా దింపి, తిప్పుతూనే అర్ధచంద్రంలా జరుగుతూ గాలికి వీపు పెట్టేసింది. ఇదంతా మడమ కూరుకుపోయే పొడి ఇసుకలో. కుర్చీల్లో ఉన్నవాళ్లకు జరిగిందేమిటో తెలియలేదు, చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం కాళ్లలో వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. ఆ పిల్ల నేర్పుకు నేను గర్వపడ్డాను. దాని ప్రాణాన్ని ఆ నేర్పుకే వదిలేసిన ఏర్పాటు మీద కోపం ఇప్పటికీ పోలేదు. చుట్టూ తాడు లేదు, దూరం కొలవలేదు, తడి గోనెలు మేం తెచ్చుకున్నవే.

అదే ఒడ్డున కబడ్డీకి కోర్టు ఉంటుంది. గీతలుంటాయి, కొలతలుంటాయి, రిఫరీ ఉంటాడు. గీత లేకుండా కబడ్డీ ఆడమని ఎవరూ అడగరు. మరి సాముకు మాత్రం ఎక్కడో ఒకచోట తిప్పెయ్యమంటారు.

సర్కస్ అనే ఆట పుట్టిందే కొలతలోంచి. 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే మాజీ సైనికుడు గుర్రపు స్వారీ విద్యలు చూపించడం మొదలుపెట్టాడు. గుర్రం గుండ్రంగా పరిగెడుతుంటే వీపు మీద నిలబడ్డ మనిషికి నిలకడ దొరుకుతుందని పట్టుకున్నాడు. ఆ తర్వాత స్థిరపడిన సర్కస్ వలయం 42 అడుగులు. ఇవాళ్టికీ ప్రపంచంలో చాలా సర్కసులది అదే కొలత. ఇంగ్లండ్ సముద్రతీరంలో బ్లాక్‌పూల్ అనే ఊళ్లో 1894లో టవర్ కింద సర్కస్ కోసం శాశ్వతంగా వలయం కట్టారు. హెర్రింగ్ చేపల వేటతో బతికిన గ్రేట్ యార్మత్‌లో 1903లో హిప్పోడ్రోమ్ కట్టారు. రెండింట్లోనూ ఇప్పటికీ ఆటలు నడుస్తున్నాయి. వాళ్ల సముద్రం మనదానికంటే చల్లన, ఎండ తక్కువ. అయినా ఒడ్డుకు వచ్చిన మనిషి చుట్టూ చేరి చూడటానికి ఒక చోటు ఉండాలని నూరేళ్ల కిందటే కట్టి పెట్టారు.

మనకు ఇది కొత్త సంగతేం కాదు. దొమ్మరాట ఊళ్లోకి వచ్చిందంటే ముందు గడ పాతేవాళ్లు. గడ చుట్టూ జనం తమంతట తామే గుండ్రంగా కూడేవాళ్లు. డోలు మోగుతుంటే ఆ గడ కొన మీద పొట్ట ఆనించి గిర్రున తిరిగిన ఆడవాళ్లను చూసినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. మొగ్గలు వేయడం, తాడు మీద నడవడం, సాముగరిడీలు, పగటివేషాలు, ఇలా మన విద్యల జాబితా చాలా పొడుగు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి గారు 'తెలుగువారి జానపద కళారూపాలు' అని పెద్ద గ్రంథమే రాశారు. సినిమా నటుడిగా అందరికీ తెలిసిన ఆయన, ప్రజానాట్యమండలిలో ఊరూరా తిరిగిన మనిషి కాబట్టే ఆ పుస్తకం రాయగలిగారు.

ఈ విద్యలు ఎందుకు సన్నగిల్లాయంటే అందరూ టీవీ పేరు చెబుతారు. టీవీ చాలా ఆలస్యంగా వచ్చింది. అంతకుముందే 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు. దొమ్మరులతో సహా ఎన్నో సంచార కులాలను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టారు. సూర్యలంకకు దగ్గర్లోనే ఉన్న స్టూవర్టుపురం 1913లో అలా వెలసిన సెటిల్‌మెంటే. అక్కడికి తెచ్చింది ఎరుకల కుటుంబాలను. ఊరు విడిచి పోవాలంటే పోలీసు అనుమతి తీసుకోవలసినవాడు ఊరూరా గడ ఎలా పాతుతాడు? చట్టం 1952లో పోయింది కానీ దాని నీడ ఇంకా పోలేదు. నాలుగు రోడ్ల కూడలిలో ఎవరైనా తాడు కట్టి పిల్లను నడిపిస్తే మనం ముందు అనుమానంగానే చూస్తాం. ప్రభుత్వం పెట్టే ఉత్సవంలో ఆ విద్యకు గౌరవంగా ఒక బరి కేటాయిస్తే ఆ చూపు కొంతైనా మారుతుందని నేను నమ్ముతున్నాను.

ఇంకో సంగతి. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, కోతులతో ఆటలాడించకూడదని 1998లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సర్కసుల్లో చిన్నపిల్లలను పనిలో పెట్టకూడదని 2011లో చెప్పింది. రెండూ మంచి తీర్పులే. నేను కూడా చిన్నపిల్లల చేతికి నిప్పుకర్ర ఇవ్వను. జంతువులు వెళ్లిపోయాక సర్కసులో మిగిలింది పెద్ద మనిషి ఒళ్లు, దాని బిగి, దాని సాధన. కోడి రామమూర్తి గారు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సొంత సర్కస్ నడిపి దేశమంతా తిరిగింది ఆ బలంతోనే. ఛాతీకి బిగించిన గొలుసు తెంచినా, గుండె మీద ఏనుగును నిలబెట్టుకున్నా జనం చూసింది ఒక తెలుగు మనిషి సాధననే. ఆయన విగ్రహాల దగ్గర ఫొటోలు దిగుతున్నాం కానీ ఆయన విద్యను చూపించే చోటు మాత్రం కట్టలేదు.

జనం సినిమా పాటలే అడుగుతారని నిర్వాహకులు అంటారు. పాటలు అడుగుతారు, నిజమే. పెట్టండి. అయితే జనం ఏం చూస్తారో తెలుసుకోవాలంటే వాళ్లు తమంతట తాము వచ్చే రోజున ఒడ్డుకు వెళ్లాలి. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో, మాఘ పౌర్ణమికి హంసలదీవిలో సముద్ర స్నానాలకు వచ్చే జనాన్ని ఎవరూ బస్సులు పెట్టి తరలించరు. వాళ్లే వస్తారు, స్నానం చేస్తారు, పులిహోర విప్పుకుని తింటారు, తర్వాత ఏదైనా చూడాలని అటూ ఇటూ తిరుగుతారు. అలాంటి జనం మధ్య మేం కర్ర తీస్తే ఎవరూ పిలవకుండానే వలయం ఏర్పడింది. వెనక ఉన్నవాళ్లు "కూర్చోండమ్మా ముందువాళ్లు" అని తామే సర్దారు. ఒక ముసలాయన లేచి, తన చిన్నప్పుడు తాలింఖానాలో నేర్చిన రెండు వేట్లు తిప్పి చూపించి, కర్రను కళ్లకు అద్దుకుని మా పిల్ల చేతికిచ్చాడు.

బరి కట్టడం మనకు చేతకాదని ఎవరూ అనలేరు. సంక్రాంతి మూడు రోజులూ చట్టం ఒప్పుకోకపోయినా కోడిపందేలకు డెల్టాలో ఎలాంటి బరులు లేస్తాయో అందరికీ తెలుసు. నేల చదును చేసి, నీళ్లు చల్లి, కంచె కట్టి, చుట్టూ గ్యాలరీలు వేసి, ఫ్లడ్ లైట్లు, పెద్ద తెరలు, పార్కింగు వరకూ రెండు రాత్రుల్లో సిద్ధం చేస్తారు. ఆ పనితనంలో కొంచెం మనుషుల విద్యకు చూపించమంటున్నాను.

ఆ బరి ఎలా ఉండాలో కూడా చెప్తాను. అలలు తాకే గీతకు కొంచెం ఎగువన తడి ఇసుక గట్టిగా ఉంటుంది, అక్కడ కాలు నిలుస్తుంది. పోటు ఎప్పుడో జాలర్లను అడిగితే చెప్తారు. ఫొటోలో సముద్రం పడాలని వేదికను అటు వీపు పెట్టి కడుతున్నారు. మన సముద్రం తూర్పున కదా, సాయంత్రం ఆడేవాళ్ల కళ్లలోకి పడమటి ఎండ, చూసేవాళ్ల కళ్లలోకి ఇసుక. బరికి ఆ బాధ లేదు, ఎటు కూర్చున్నా ఆట కనిపిస్తుంది. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి తలుపున్న గది ఒకటి కావాలి. పులివేషం కట్టినవాడు రంగు కడుక్కోవడానికి మంచినీళ్లు కావాలి, ఉప్పునీళ్లతో ఆ రంగు వదలదు. పారితోషికం ఆట అయిన రోజునే ఇవ్వాలి. ఉత్సవం ముగిశాక బిల్లు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడానికి అయ్యే బస్సు ఖర్చులు ఆ పారితోషికంలోంచే పోతున్నాయి.

విజయవాడలో పరిస్థితి వేరుగా ఏమీ లేదు. ఎగ్జిబిషన్లు, పుస్తకాల పండగ జరిగిన స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న అంబేడ్కర్ గారి 125 అడుగుల విగ్రహాన్ని ఆవిష్కరించారు. ఆ మహానుభావుడు ఊరి నడిబొడ్డున నిలబడటం మాకు గౌరవం. ఆ ఖాళీ చోటులో ఆడుకున్న విద్యలకు మరో చోటు చూపించే బాధ్యత మాత్రం ఇంకా మిగిలే ఉంది. ఒడ్డున బరి పడితే, రేపు కృష్ణా ఘాట్ల దగ్గర కూడా అడగడానికి మాకో ఆధారం దొరుకుతుంది.

ఉత్సవానికి ముందు టెండరు పిలుస్తారు. అందులో స్టేజీ ఎన్ని అడుగులు, లైట్లు ఎన్ని, సౌండ్ ఎంత, కుర్చీలు ఎన్ని అని వరుసగా రాస్తారు. కృష్ణా, బాపట్ల జిల్లాల కలెక్టర్లకు, పర్యాటక శాఖ వారికి నా విన్నపం: ఈసారి ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు ఇంకో వరుస చేర్చండి. తడి ఇసుక మీద 42 అడుగుల బరి, చుట్టూ తాడు, రోజుకు రెండు ఆటలు, ఒకటి గాలి పడిపోయే వేళకు. కర్రలూ, డప్పులూ, తడి గోనెలూ మేమే తెచ్చుకుంటాం.