20 డాలర్ల పాఠం

కిందటేడు అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు మూడు రోజులు లాస్ వేగాస్ చూశాం. హోటల్ గదికి వెళ్లాలన్నా జూదం యంత్రాల మధ్య నుంచే దారి! మా బరంపురంలో కుమార పూర్ణిమనాడు పేకాడితే, పోయిన డబ్బు బావమరిది జేబులోనైనా ఉంటుంది. ఇక్కడ పది నిమిషాల్లో 20 డాలర్లు హారతి కర్పూరమయ్యాయి.

"పేకాటలో పోగొట్టుకున్నాడని మా తమ్ముడికి అన్ని నీతులు చెప్పారే!" అంది మా ఆవిడ. ఏం చెప్పను?

మర్నాడు 50 కిలోమీటర్ల దూరంలో, కొలరాడో నదిపై 221 మీటర్ల ఎత్తున్న హూవర్ డ్యామ్‌కి వెళ్లాం. నెవాడాలో జూదశాలలకు చట్టం అనుమతిచ్చిందీ, ఈ డ్యామ్ పని మొదలైందీ 1931లోనే. కరెంటు అమ్మిన సొమ్ముతో డ్యామ్ ఖర్చులో చాలా భాగం 1987 నాటికి వడ్డీతో సహా తీరింది. బ్యాంకువాణ్ణి కదా, ఆ లెక్క నచ్చింది.

పిల్లలతో వెళ్లేవారు డ్యామ్‌కి ఒక పూర్తి రోజు ఉంచుకోండి. నేను మాత్రం ఈ కుమార పూర్ణిమకి బావమరిదికి నీతులు చెప్పను.