బందరు దీపస్తంభము

బెజవాడలో బెంజి సర్కిలు మీదుగా పోవు బాటకు మహాత్మాగాంధీ రోడ్డని పేరు పెట్టినను, జనుల నోట నేటికిని అది బందరు రోడ్డే. బందరనగా పారశీకమున రేవని యర్థము. పాత రేవు పోయినది, పేరు నిలిచినది. మంగినపూడి తీరమున దీపస్తంభ మొకటి నిలిచియున్నది. సముద్రస్నానమునకు పోవువారు దానిని చూచి మరలుదురు. అది యెవరికొరకు వెలుగుచున్నదని యడుగువారరుదు.

కృష్ణా డెల్టా తీరము మిక్కిలి పల్లము. విశాఖపట్టణమున డాల్ఫిన్స్ నోస్ కొండయే పగటివేళ నావికునకు ఆనవాలు. ఇచ్చట కొండ లేదు, గుట్ట లేదు. నేల కంటబడులోపలనే యోడ యిసుకమేటలకు తగులుకొను ప్రమాదము గలదు. కనుకనే పెద్ద యోడలు బందరునకు మైళ్ల దూరమున లంగరు వేయగా, సరకును పడవలపై చేర్చుచుండిరి.

ఓడల రక్షణము మనకు పరదేశీయులు నేర్పిన విద్య కాదు. మోటుపల్లి రేవున కాకతీయ గణపతిదేవుడు 1244-45లో అభయశాసనము వేయించెను. పూర్వరాజులు తుపానున పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన యోడల సరకును అపహరించుచుండగా, తాను నియతమైన సుంకము తప్ప మరేమియు గొననని చాటెను. దీపము వెలిగించుటకంటె నిది తక్కువ రక్షణమా?

ఇంగ్లీషు కంపెనీవారు 1611లో బందరున దిగిరి. 1759లో ఫ్రెంచివారి నుండి కోటను గైకొనిరి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన యూరిపై బడి సుమారు 30,000 ప్రాణములను బలిగొనెను. నేల యెక్కడనున్నదో దీపము నావికునకు చెప్పును. కడలి పొంగివచ్చుచున్నదని యూరికి చెప్పజాలదు. ఆ యేటి అక్టోబరులోనే కలకత్తాను తుపాను ధ్వంసము చేయగా, 1865లో ఆ రేవునకు తుపాను హెచ్చరికలు ఏర్పడినవి. వాతావరణ శాఖ 1875లో వెలసినది. అయినను 1977 నవంబరు 19న దివిసీమ మరల మునిగెను.

1927 నాటి దీపస్తంభముల చట్టము దీపసుంకమును ఓడలపై విధించినది. 2021లో దాని స్థానమున కొత్త చట్టము వచ్చినది. 2023లో మంగినపూడి ప్రాంతమున కొత్త రేవు పనులారంభమైనవి. పెద్ద యోడలకు వెలుగు లభించుననుటలో మాకు సందేహము లేదు. సుంకపు లెక్కలకెక్కని చేపల పడవల మాట యేమి? రేవు నక్షాలో వారి పడవలకు దారి, ఒడ్డున నిలుచు తావు, రాత్రివేళ తీరపు పల్లెలన్నిటికి వినబడు హెచ్చరిక యేర్పాటు ముందుగానే చూపవలెను. అధికారులు ఆ నక్షాను తెలుగున ముద్రించి, మంగినపూడి పల్లెకారుల యెదుట పరచి, వారి యాక్షేపణలను వ్రాతమూలముగా గైకొనవలెను.