గంట మ్రోగినంతనే గండి పూడునా?

బిట్‌కాయిన్ మొదలగు క్రిప్టో నాణెములపై ఫ్యూచర్స్ బేరములు పట్టణముల యువకులనే గాక, పొలము పుట్ర గల గృహస్థులను సైతము ఆకర్షించుచున్నవి. చేత సెల్‌ఫోనున్న చాలును. దళారి వాకిట నిలువ నక్కరలేదు. పండుగయు పబ్బమును లేక ఆ బజారు రాత్రింబవళ్లు తెరచియే యుండును. ఈ బేరమున దిగినవానికి మిత్రులు మొదట చెప్పు హితవు లిక్విడేషను ధరకు హెచ్చరిక పెట్టుకొమ్మనునది. హితవు మంచిదే. కాని ఆ హెచ్చరిక దేనిని కాపాడగలదో, దేనిని కాపాడజాలదో యెరుగక, గంట కట్టుకొని నిద్రించువాడు గంట లేనివానికంటె నెక్కువ అపాయమున నున్నాడని మా యభిప్రాయము.

లక్ష రూపాయలు జామీను కట్టి పది లక్షల సరకుపై బేరము వ్రాయించుకొనుటయే పది రెట్ల లివరేజి. పది లక్షల మీద వచ్చు నష్టమంతయు ఆ లక్షయే మోయవలయును. ధర నూటికి పది తగ్గెనా, జామీను సర్వము హరించును. ఎక్స్ఛేంజివారు అంతవరకు నిరీక్షింపరు. జామీను కొంత మిగిలియుండగనే తామే బేరమును తెగనమ్మి లెక్క ముగింతురు. ఆ ధరయే లిక్విడేషను ధర. 100 రూపాయలకు కొన్న సరకునకు బేరపు విలువలో అర శాతము నిలువ జామీనుగా నుండవలెనని లెక్కించినచో, ఆ ధర 10 రెట్లకు సుమారు 90.50, 20 రెట్లకు 95.50, 50 రెట్లకు 98.50, 100 రెట్లకు 99.50 అగును. అనగా నూరు రెట్ల బేరగాని ముంచుటకు అర్ధరూపాయి చాలును! అట్టివానికి హెచ్చరిక యేల? గంట మ్రోగుటయు ఇల్లు కూలుటయు ఒక్క నిమిషముననే జరుగును. కావున హెచ్చరికనుగూర్చి యోచించుటకు ముందు లివరేజినిగూర్చి యోచింపవలయును.

గోదావరీ తీరవాసులకు ఈ విషయము వేరుగ బోధింప నక్కరలేదు. భద్రాచలమువద్ద నీరు 43 అడుగులకు చేరగనే మొదటి ప్రమాద హెచ్చరికయు, 48 అడుగులకు రెండవదియు, 53 అడుగులకు మూడవదియు వెలువడును. 2022 జూలైలో అచ్చట వరద 71 అడుగులు మించెను. మొదటి హెచ్చరిక పశువులను, ధాన్యమును మెరకకు చేర్చుకొనుట కుద్దేశింపబడినదే గాని, నీరు గడప దాటినదని చెప్పుటకు గాదు. హెచ్చరికకు విలువ నిచ్చునది శబ్దము గాదు. అది మన కిచ్చు వ్యవధి.

ఈ న్యాయముననే బేరగాడును తన హెచ్చరికలను మెట్లుమెట్లుగా నమర్చుకొనవలయును. పైన జెప్పిన పది రెట్ల బేరమునే గైకొందము. 100 కు కొన్నవాడు 90.50 కు మునుగును. అతడు 91 వద్ద గంట కట్టుట వ్యర్థము. 97 వద్ద మొదటి గంట కట్టి, అది మ్రోగినపుడు తన లెక్కను మరల చూచుకొనవలయును. 95 వద్ద రెండవ గంట కట్టి, అది మ్రోగినపుడు బేరమును సగమునకు తగ్గింపవలయును. 93 వద్ద నుండవలసినది గంట గాదు, ఆజ్ఞ. ధర అచ్చటికి దిగగనే బేరము తనంతట ముగియునట్లు స్టాప్‌లాస్ ఆర్డరు ముందే వ్రాసి యుంచవలయును. గంట నిద్రించువానిని లేపవచ్చును, లేపకపోవచ్చును. ఆజ్ఞకు మనము మేలుకొనియుండ నక్కరలేదు. ధర వేగముగా కూలునపుడు ఆ ఆజ్ఞయు చెప్పిన ధరకే నెరవేరునను పూచీ లేదు. కనుకనే దానికిని లిక్విడేషను ధరకును నడుమ కొంత యెడ ముండవలయును.

మరి కొన్ని సూక్ష్మములు గలవు. అనేక ఎక్స్ఛేంజిలలో లిక్విడేషను జరుగునది చివరి బేరపు ధరనుబట్టి గాదు. పలు బజారుల ధరలను కూర్చి కట్టిన మార్కు ధరనుబట్టి. హెచ్చరికను చివరి ధరకు కట్టినవాడు ఒక కొలబద్దను చూచుచు మరియొక కొలబద్దచే దండింపబడును. బేరమున కొంత అమ్మినను, మరికొంత కొన్నను, జామీను చేర్చినను లిక్విడేషను ధర మారును. పెక్కుచోట్ల ఎనిమిదేసి గంటల కొకమారు వసూలగు ఫండింగు రుసుము సైతము జామీనును కొరికివేయవచ్చును. క్రాస్ మార్జిను పద్ధతిలో ఒక బేరపు నష్టము మరియొక బేరపు జామీనును తినివేయును. కావున నిన్న కట్టిన గంట నేడు సరియైన చోటనే యున్నదని నమ్మరాదు. ఫోనును రాత్రి మౌనముగా నుంచువారి మాట చెప్ప నేల?

2025 అక్టోబరులో జరిగిన విపత్తు ఇందుకు తార్కాణము. అమెరికా అధ్యక్షుడు ట్రంపు చైనా సరకులపై అదనముగా నూరు శాతము సుంకము ప్రకటించిన పిమ్మట, ఒక్క దినములో 1,900 కోట్ల డాలర్లకు మించిన బేరములు బలవంతముగా ముగింపబడెను. అమెరికాలో అది 10వ తేది శుక్రవారపు సాయంకాలము. మన దేశమున 11వ తేది తెల్లవారుజాము రెండు గంటలు దాటిన వేళ. మనవారిలో గంట కట్టుకొన్నవారెందరు ఆ వేళ మేలుకొనియుందురు? మేలుకొన్నను కన్నులు నులుముకొనులోపల జరుగవలసినది జరిగిపోవును. ఒకని బేరము తెగనమ్మిన ధర మరింత దిగును. దిగిన ధర మరియొకని ముంచును. కట్ట తెగినపుడు ఒక్కొక్క గండి మరియొక గండిని పెంచునట్లే ఇదియును.

ఇంతకంటె లోతైన దోషము మరియొకటి గలదు. గంట మ్రోగినపుడు తప్పుకొనవలసినవాడు, తప్పుకొనక మరికొంత జామీను తెచ్చి వేయును. మొదట పొదుపు సొమ్ము, పిదప ఇల్లాలి నగలు, కడపట పొలము పత్రము. హెచ్చరిక అతనికి రక్షణోపాయము గాక, అప్పులవాని పిలుపు వంటిది యగును. రక్షింప దలచినవాడు ఎంత నష్టమునకు విరమింతునో బేరమునకు ముందే కాగితముపై వ్రాసికొనవలయును. ఆ నష్టము ఇంటి భోజనమునకు, పిల్లల చదువునకు, పైరు మదుపునకు ముట్టనిదై యుండవలయును. అట్లు వ్రాయజాలనివాడు బేరమున దిగకుండుటయే మేలు. క్రమబద్ధమైన షేరు మార్కెట్టులోనే 2022 నుండి 2024 వరకు ముగిసిన మూడు ఆర్థిక సంవత్సరములలో ఫ్యూచర్స్, ఆప్షన్స్ బేరములు చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరనియు, వారి మొత్తము నష్టము 1.8 లక్షల కోట్ల రూపాయలు మించెననియు సెబీ లెక్క తేల్చినది. కట్టుదిట్టములున్నచోటనే ఇట్లున్న, అవి లేనిచోట నెట్లుండును?

ఈ బాధ్యత బేరగానిదే యని ప్రభుత్వము చేతులు దులుపుకొనరాదు. 2022లో ఈ ఆస్తుల లాభముపై 30 శాతము పన్ను విధించిరి. 2023లో వీని వర్తకులను అక్రమ ధన చలామణి నిరోధక చట్టము క్రిందికి తెచ్చిరి. పన్ను పుచ్చుకొను చేయియే ప్రజను కాపాడు చేయియు గావలదా? క్రిప్టో వ్యత్యాస బేరములలో సామాన్యుల లివరేజిని 2018లో ఐరోపా అధికారులు 2 రెట్లకు మితము చేసిరి. బ్రిటనువారు 2021 జనవరి నుండి సామాన్యులకు క్రిప్టో డెరివేటివుల నమ్ముటనే నిషేధించిరి. మనకును లివరేజికి ఒక మితి, బేరమునకు ముందే లిక్విడేషను ధరను పెద్దయక్షరములతో చూపు నిబంధన, తెలుగు మున్నగు దేశభాషలలో హెచ్చరిక, ఇవి మూడును శాసనమూలమున రావలయును.

అంతవరకు గృహస్థుడు తన కట్టను తానే కాచుకొనవలసియున్నది. గంట కట్టుకొనుట మంచిదే; గంట వినబడు దూరమున నుండుట అంతకంటె మంచిది; గండి పడు కట్టపై కాపురము పెట్టకుండుట అన్నిటికంటె మంచిది.