చుక్కల రాత్రికి ఎటువంటి అక్షరాలు?

పిల్లలూ! ఏటా డిసెంబరు 13, 14 తేదీల రాత్రి ఆకాశంలో ఒక వేడుక జరుగుతుంది. మిథునరాశి దిక్కు నుంచి ఉల్కలు జారిపడుతున్నట్టు కనిపిస్తాయి. ఫేథాన్ అనే గ్రహశకలాన్ని 1983లో కనుగొన్నారు. అది దారి పొడుగునా వదిలిన ధూళిలోకి మన భూమి ఏటా వెళుతుంది. ఆ ధూళికణాలు గాలిలోకి దూసుకువచ్చి, వేడెక్కి, తళుక్కున వెలిగి ఆరిపోతాయి. పట్నాలలో దీపాల వెలుగుకు ఈ వేడుక సగం కనబడదు. చింతపల్లి వంటి కొండ ఊళ్ళలోనయితే, మంచు కమ్మకుండా ఉంటే చాలు, కన్నులపండుగే!

సరే, చింతపల్లిలో ఒక బడి పిల్లలు ఆ రాత్రి ఆకాశం చూడడానికి ఊరివారందరినీ పిలవాలనుకొన్నారనుకోండి. సంతకు వచ్చేవారి కంటపడేలా గోడమీద ఒక ప్రకటన అంటించాలి. కంప్యూటరు తెరిస్తే చుక్కలూ, నెలవంకలూ, తోకచుక్కలూ అల్లిన ముచ్చటైన అక్షరాలు బోలెడు కనిపిస్తాయి. వీటినే ఫాంట్లు అంటారు. అందులో ఏది ఎంచుకోవాలి?

ముందు ఒక సంగతి ఆలోచించండి. ఆ ప్రకటన చదివేది ఎవరు? ఆ కొండలలో ఇంట్లో కువి భాషో, ఆదివాసీ ఒడియావో మాట్లాడి, తెలుగును బడిలో నేర్చుకొన్నవారు ఎందరో ఉన్నారు. కూడబలుక్కొని చదివేవారికి తేదీ అర్థం కాకపోతే ఆ రాత్రి కాస్తా దాటిపోతుంది. మళ్ళీ ఏడాది ఆగవలసిందే! కనుక అక్షరం ఎంత సింగారించుకొన్నా, తన మాట తాను చెప్పగలగాలి.

ఇక ఫాంటు సంగతి. ఇంగ్లీషు కోసం చేసిన చుక్కల ఫాంట్లలో సాధారణంగా తెలుగు అక్షరాలే ఉండవు. అటువంటి దానితో తెలుగు కొడితే, కంప్యూటరు తనకు తోచిన వేరే తెలుగు ఫాంటును తెచ్చి పెడుతుంది. అదీ దొరక్కపోతే ఖాళీ గళ్ళు చూపిస్తుంది. తెలుగు కోసం చేసినదయినా పరీక్షించకుండా తీసుకోకండి. కంప్యూటర్లన్నీ అక్షరాలను గుర్తుపట్టే యూనికోడు పద్ధతిలో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. వాటిలో "క" ఉన్నది, "ష" ఉన్నది గాని, "క్ష" లేదు! రెంటినీ కూర్చి ఒకే అక్షరంగా చూపించే పని ఫాంటుది. అందుకని "జ్యోత్స్న" అని కొట్టి చూడండి. వెన్నెల అని దాని అర్థం. అందులో "త"కు "స" ఒత్తు, "న" ఒత్తు రెండూ రావాలి. ఒత్తులు విడిపోయినా, కింది వరుసను ఢీకొన్నా ఆ ఫాంటు మీకు పనికిరాదు.

సిలికానాంధ్ర సంస్థ ఎవరైనా ఉచితంగా వాడుకొనేలా కొన్ని తెలుగు ఫాంట్లను విడుదల చేసింది. అందులో ఒకదాని పేరు "గిడుగు". శీర్షికలకూ, గోడ ప్రకటనలకూ అది బాగుంటుంది. గిడుగు రామమూర్తిగారి (1863-1940) పేరే దానికి పెట్టారు. రాసే భాష జనానికి అర్థం కావాలని జీవితమంతా వాదించినవారాయన. ఇదే తూర్పుకనుమలలో, ఉత్తరాన ఉన్న పర్లాకిమిడిలో పనిచేస్తూ, ఆయన సవర భాష నేర్చుకొని దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు. మన ప్రకటనకు ఇంతకంటె తగిన పేరు ఏమున్నది? తేదీ, వేళ, చోటు రాయడానికి "మండలి" వంటి సాదా ఫాంటు తీసుకోండి.

"మరి చుక్కలేవీ?" అంటారు గదూ! వాటిని మీ చేతితోనే పెట్టండి. శీర్షికలో ఒక్క మాటను మాత్రమే సింగారించండి. "ఆకాశం" అన్న మాటలో సున్నను నిండు చంద్రుడిలా గీయవచ్చును. నెలవంకలా మాత్రం గీయకండి. పాతపుస్తకాలలో అరసున్న సరిగా అలాగే ఉంటుంది! "తార"లో "ర" తలకట్టును ఉల్క తోకలా సాగదీయాలని ముచ్చట పుడుతుంది. మరీ సాగదీస్తే అది దీర్ఘమై "తారా" అయి కూర్చుంటుంది. "ఉల్కల ధార" అని రాసేటప్పుడు "ధ" కింది చిన్న గీత మీద చుక్కను అంటించారో, ఆ గీత కనబడక "ఉల్కల దార" అవుతుంది. దార అంటే భార్య! చదివినవారు ఉల్కలకు పెళ్ళెప్పుడయిందని అడుగుతారు.

బొమ్మలోని ఆకాశం కూడా నిజం చెప్పాలి. నెలవంక కొమ్ముల మధ్య చుక్కను పెట్టడం చాలామందికి అలవాటు. కాని ఆ చోటు ఖాళీ కాదు. చంద్రుడి చీకటి భాగం అక్కడే ఉన్నది. చంద్రుణ్ణి దాటి దాని వెనక ఉన్న చుక్క మనకెలా కనిపిస్తుంది? ధ్రువ నక్షత్రాన్ని నడినెత్తిన పెట్టకండి. చింతపల్లి నుంచి చూస్తే అది ఉత్తరాన సుమారు 18 డిగ్రీల ఎత్తునే ఉంటుంది. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు దాదాపు 10 డిగ్రీలు. అంటే రెండు పిడికిళ్ళకు కొంచెం తక్కువ ఎత్తన్నమాట.

రంగుల విషయంలో ముదురు నీలం మీద లేత పసుపు బాగా కనిపిస్తుంది. నలుపు మీద నీలం చీకట్లో కలిసిపోతుంది.

అంతా అయ్యాక కాగితాన్ని గోడకు తగిలించి, పది అడుగులు వెనక్కి వేయండి. అప్పుడప్పుడే చదవడం నేర్చిన తమ్ముణ్ణో చెల్లాయినో పిలిచి, "ఏ రోజు రమ్మన్నారు?" అని అడగండి. గబుక్కున తేదీ చెబితే అంటించడానికి జిగురు కలపండి. తడుముకొంటే, ఏ చుక్క అడ్డొచ్చిందో వాళ్ళ వేలితోనే చూపించమని, దాన్ని చెరిపేయండి.