రాత్రి తొమ్మిదికి గేటు వేస్తే తప్పా?

చలికాలం వస్తే చాలు, నందికొండలో మా ఇంటికి చుట్టాలు. సాయంత్రం దాకా సాగర్ డ్యాము చూస్తారు, తెల్లారేసరికి శ్రీశైలంలో ఉండాలంటారు. దేవరకొండ, డిండి దాటి మన్ననూరు చేరేసరికి అటవీశాఖ గేటు మూసి ఉంటుంది. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు పోనివ్వరు. ఇక చూడాలి మగవాళ్ళ వీరంగం! "దేవుడి దగ్గరికి వెళ్ళడానికీ పర్మిషనా?"

అయ్యా, అది అమ్రాబాద్ పులుల అడవి. రాత్రిపూట ఆ దారి వాటిది. హిమాలయాల్లోలా మంచుచరియలు మనకు లేవు, నిజమే. వానల్లో ఘాట్‌రోడ్డు మీద పడే బండరాళ్ళూ, చలికాలపు పొగమంచూ చాలవూ?

నిరుడు మార్గశిరంలో మావారూ అలాగే కేకలేశారు. చేసేదిలేక కార్లోనే పడుకున్నాం. ఆరింటికి గేటు తీశాక, ఎదురొచ్చే బస్సు లైట్లు దగ్గరికొచ్చేదాకా కనబడలేదు. తెల్లారాకే అలా ఉంటే అర్ధరాత్రి మాటేమిటి? మావారు మళ్ళీ నోరెత్తలేదు.

చలిలో దుప్పటి కప్పుకుని గేటు కాసే ఆ కుర్రాడు మనకు శత్రువా? పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చునేది మనం. "పొద్దున్నే బయల్దేరదాం" అని గడప దాటకముందే గట్టిగా చెప్పాల్సిందీ మనమే. మల్లన్న ఎక్కడికీ పోడు. పోతే తిరిగిరానివి మన ప్రాణాలే. ఏమంటారు?