పసిపిల్లలకు వారానికో పూట చెట్ల నీడన చదువు

ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచీ లేకుండా చదువు చెప్పాలని జాతీయ విద్యావిధానం-2020 సూచించింది. మంచిదే. కానీ ఆ భాగ్యం కోసం పిల్లలు పదకొండేళ్లు వచ్చేదాకా ఎందుకు ఆగాలి? మూడు నుంచి ఎనిమిదేళ్లను పునాది దశ అన్నదీ ఆ విధానమే. అంగన్‌వాడీల్లో, ఒకటి రెండు తరగతుల్లో ఉన్న ప్రతి బిడ్డకూ వారానికో పూట చెట్ల మధ్య పాఠం జరగాలి. అది ఏడాదికోసారి వెళ్లే విహారయాత్రగా మిగలకుండా టైంటేబుల్‌లోకి ఎక్కాలి.

డెన్మార్క్‌లో అడవి బడులు 1950లలోనే మొదలయ్యాయి. వాటిని 1993లో చూసొచ్చిన బ్రిడ్జ్‌వాటర్ కళాశాల బృందం బ్రిటన్‌లో అదే బాట వేసింది. మనకూ ఇది కొత్త కాదు. శాంతినికేతన్‌లో రవీంద్రులు 1901లోనే చెట్ల కింద పాఠాలు పెట్టించారు.

తొలకరికి నేల మీదికొచ్చే ఆరుద్ర పురుగుకు ఎనిమిది కాళ్లు, పక్కనే పాకే చీమకు ఆరు. రెండింటినీ వంగి చూసి లెక్కపెట్టిన పిల్లకు అంకెలూ వస్తాయి, తేడా పట్టే చూపూ వస్తుంది. రాలిన చింతపిక్కలతో కూడికలు చేయొచ్చు. మోదుగాకు, వేపాకు పక్కపక్కన పెడితే మాటలు వాటంతట అవే పుడతాయి. కంటికీ ఇది మేలు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచితే, మూడేళ్లలో హ్రస్వదృష్టి వచ్చినవారు 30 శాతం; మామూలుగా చదివిన పిల్లల్లో 40 శాతం దాకా. ఆ ఫలితాలు 2015లో వెలువడ్డాయి.

పాములు, తేళ్లు, ఎండ అని తల్లిదండ్రులు భయపడటం సహజం. ఆ భయాన్ని తోసిపుచ్చకూడదు. పెద్దలు ముందుగా నడిచి చూసిన చోటికే తీసుకెళ్లాలి. కాళ్లకు చెప్పులుండాలి, పొదల్లో, పుట్టల్లో చేయి పెట్టనివ్వకూడదు, ఎండ ముదరకముందే తిరిగి రావాలి. ఏకోపాధ్యాయ బడికి తోడుగా ఇంకో మనిషిని ఇవ్వకుండా ఈ పని చేయమనడం అన్యాయం. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి.

దట్టమైన అడవే కావాలని లేదు. ఊరి చింతతోపు, మామిడితోట చాలు. నగరాల్లో ఉన్నవారికి చిలుకూరు మృగవని, విశాఖ కంబాలకొండ వంటివి ఉన్నాయి. ఇక నల్లమలలో పరిస్థితి మరీ బాధాకరం. చెట్టునూ పిట్టనూ పేరుపెట్టి పిలవగల చెంచు బిడ్డను నాలుగు గోడల మధ్య ఏమీ తెలియనివాడిగా కూర్చోబెడుతున్నాం. అక్కడి పెద్దలను గౌరవ వేతనమిచ్చి బడికి పిలిస్తే ఉపాధ్యాయులూ నేర్చుకుంటారు.

జూన్‌లో బడులు తెరిచేలోగా రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఉత్తర్వులు ఇవ్వాలి. బడి పిల్లలకు పార్కుల ప్రవేశ రుసుమును అటవీశాఖలు పూర్తిగా ఎత్తేయాలి.