కంటిన్యుటీ ఎక్కడ తెగింది?

పోయిన వారం నెల్లూరులో ఒక హాస్టల్‌కి పోతే పిల్లలు ల్యాప్‌టాప్‌లో 'టైగర్ నాగేశ్వరరావు' పెట్టుకుని తప్పులు ఏరుతున్నారు. వాచీ ఏ చేతికుంది, నెత్తురు మరక ఏ వైపుంది అని ఆపి ఆపి చూడడం, గ్రాఫిక్స్ వచ్చినప్పుడల్లా ఈలలు. నేనూ కూర్చున్నా. 2023 అక్టోబరు 20న మూడు గంటల సినిమాగా వచ్చి, జనం మొయ్యలేక 2 గంటల 37 నిమిషాలకు కోయించుకున్న సినిమా అది. అతుకులు కనబడడం వింతేం కాదు.

మా నాయన బిట్రగుంటలో రైల్వే గ్యాంగ్‌మన్. అక్కడి బొగ్గు ఇంజన్ల షెడ్డు వెలిగిన రోజులు చూసిన మనిషి. ఈ సినిమాలో గోదావరి బ్రిడ్జి మీద రైలు దోపిడీ చూసి, "ఏందబ్బయ్యా, బొగ్గు బండి పైన ఒక్క స్టేషను దూరం నిలబడమను, కళ్లు తెరుస్తాడేమో చూద్దాం" అన్నాడు. సరే, అదీ ఒక తప్పే.

నా లెక్క వేరే. 'నిజమైన పుకార్ల ఆధారంగా' అని వాళ్లే ప్రచారం చేసుకున్నారు. నిజం అంటే రుజువు అడుగుతారు, పుకారు అంటే ఎవరూ అడగరు. కానీ ఆ పుకారుకి తగిలించిన ఊరిపేరు మాత్రం నిజమైనది. స్టువర్టుపురాన్ని దక్షిణ భారతానికి నేర రాజధాని అని టీజర్లో చెబితే మనుషులు హైకోర్టుకి పోవాల్సొచ్చింది. కోర్టు నిర్మాతకు నోటీసిచ్చింది. సినిమా మాత్రం వచ్చింది. 1991లో చిరంజీవి 'స్టువర్టుపురం పోలీస్ స్టేషన్' నుంచీ ఇదే వరస. ఆ పేరు పెడితే టికెట్లు తెగుతాయి.

ముందు షాట్ లేకుండా తర్వాతి షాట్ వేస్తే కంటిన్యుటీ పోయిందంటారు కదా. ఇక్కడ పోయిన షాట్ ఏంటంటే, ఎరుకలోళ్లు మన కోస్తా ఉప్పుని గాడిదల మీదా ఎద్దుల మీదా మెట్టకి మోసి, ధాన్యం తెచ్చుకుని బతికినోళ్లు. రైలొచ్చింది, ఉప్పు సర్కారు గుప్పిట్లోకి పోయింది, వ్యాపారం చచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టిన బిడ్డ నుంచీ దొంగే. వేలిముద్రలు, పోలీసు దగ్గర హాజరు. సెటిల్‌మెంట్‌కి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ దొర పేరు పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పజెప్పారు. మన కావలిలో అయితే అమెరికన్ బాప్టిస్టు మిషన్‌కి. చీరాల పొగాకు కంపెనీకి స్టువర్టుపురం నుంచి చౌక కూలీలు దొరికారు. దీన్ని దొంగల కథగా తీస్తే ఎవరు దొంగలో మీరే చూడండి. చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది.

ఒక ఎరుకల మనిషిని ఇంత పెద్ద బడ్జెట్‌లో హీరోని చేశారు, అది గొప్ప కాదా అని ఒక తమ్ముడు అడిగాడు. కాదనను. రేణూ దేశాయ్ వేసిన హేమలతా లవణం పాత్రని చూసి నాకూ సంతోషమైంది. ఆమె జాషువా కూతురని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. స్టువర్టుపురంలోనే కాదు, మన బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్పలోనూ ఆమె, లవణం తిరిగి పనిచేశారు. కానీ హీరో ఒక్కడే మంచోడై తెర మీద నుంచి దిగిపోతాడు. ఊరు ఊరంతా దొంగలుగానే మిగిలిపోయింది.

నేను హాస్టల్లో ఉన్నప్పుడు నా పక్క మంచం అలాంటి ఊరి పిల్లోడిదే. ఒకరోజు ఎవరిదో వాచీ పోయింది. వార్డెన్ అందరికంటే ముందు వాడి ట్రంకు పెట్టె తెరిపించాడు. చొక్కాలు, వాళ్లమ్మ కట్టిచ్చిన జంతికల మూట, అన్నీ నేల మీద పడ్డాయి. సాయంత్రానికి వాచీ స్నానాల గది గోడ మీద దొరికింది. వార్డెన్ మళ్లీ ఆ గదికి రాలేదు. మేం నలుగురం మాట్లాడకుండా ఆ బట్టలు మడిచిపెట్టాం. రెండు నెలలకి వాడు చదువు మానేశాడు.

ఆ రాత్రి వీళ్లకి ఇదే చెప్పా. ఒకమ్మాయి ల్యాప్‌టాప్ మూసి, కావలి సెటిల్‌మెంట్ ఎక్కడుండేదన్నా అని అడిగింది. వచ్చే భాగం దాని మీదే రాస్తున్నా. మీ ఇళ్లలో ముసలోళ్లు హాజరు రోజుల గురించి ఏమైనా చెప్పుంటే రాసి పంపండి. పేర్లు వద్దు.